బొమ్మలో బొమ్మ కనబడకూడదు

బీటిల్ కారు ఎడమవైపు వెనక చక్రం మీద పంటి గాట్లున్నాయి. పైన రెండు, కింద రెండు. పళ్ళ డాక్టర్ని కాబట్టి భూతద్దం కింద పెట్టగానే పోల్చుకున్నాను. పాలపళ్ళు, ముందు కొరికే పళ్ళు. ఎవరివో చెప్పడానికి మాత్రం డాక్టరు చదువు అక్కర్లేదు. ఆ పళ్ళు ఊడిపోయి, వాటి చోట కొత్తవి వచ్చి, వాటికి క్లిప్పులు కట్టించి, తీయించి, ఇప్పుడా పెద్దమనిషి హాస్టల్లో ఉంటూ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. వాడు వదిలేసి వెళ్ళిన కార్ల డబ్బా మాత్రం నా వాటాకొచ్చింది.

మూడేళ్ళ కిందటి మాట. బూట్ల డబ్బా నిండా నలభై ఒక్క కార్లు. కార్లు దాదాపు అన్నీ 1:64 స్కేలువి, అంటే అసలు కారులో అరవై నాలుగో వంతు. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవుండే బీటిల్ ఇక్కడ ఆరున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. తుడిచి, నా క్లినిక్‌లో పళ్ళ ఫొటోలు తీసే కెమెరాతోనే దానికీ ఒక ఫొటో తీశాను. చిన్న వస్తువుల్ని దగ్గరి నుంచి పెద్దగా తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, దాని మూతి చుట్టూ గుండ్రటి రింగ్ ఫ్లాష్. పిల్లవాడికి పంపాను. "సూపర్ అమ్మా, బొమ్మ చాలా క్లియర్‌గా వచ్చింది" అన్నాడు.

మన భాషలో బొమ్మంటే ఆడుకునేదీ బొమ్మే, తీసిన చిత్రమూ బొమ్మే. వాడు ఏది మెచ్చుకున్నాడో అడగలేదు. కానీ రాత్రి ఆ ఫొటో పెద్దది చేసి చూసుకుంటే, మొదటి అర్థంలోనే అన్నాడని అర్థమైంది. అది ఆటబొమ్మలాగే ఉంది. చూసిన అరక్షణంలో తెలిసిపోతోంది. ఎందుకు తెలిసిపోతోంది అన్నది పట్టుకుందామని మొదలుపెట్టాను. ఇంకా పట్టుకుంటూనే ఉన్నాను.

మొదటి దొంగ దొరకడం తేలికే. రింగ్ ఫ్లాష్. నోట్లో ఫొటో తీసేటప్పుడు నీడ అన్నది ఉండకూడదు. వెనక దవడ పంటి మీద చెంప నీడ పడితే ఆ ఫొటో దేనికీ పనికిరాదు. అందుకే అన్ని వైపుల నుంచీ వెలుగు కొట్టే ఆ గుండ్రటి దీపం. రోడ్డు మీద నిలబడ్డ కారుకేమో నీడే ప్రాణం. కారు కింద నల్లగా నీడ లేకపోతే అది నేల మీద ఆనినట్టే ఉండదు, అతికించినట్టు ఉంటుంది. పైగా బానెట్ మీద, ముందు అద్దం మీద, హెడ్‌లైట్ల మీద, ఎక్కడ నునుపుగా ఉంటే అక్కడ ఒక తెల్లటి సున్నా. ఇరవై ఏళ్ళుగా పంటి ఎనామిల్ మీద అదే సున్నా చూస్తూ ఉన్నదాన్ని, కారు మీద చూసి గుర్తుపట్టలేకపోయాను!

సరే, ఫ్లాష్ తీసేసి టేబుల్ ల్యాంపు పెట్టాను. నీడ వచ్చింది, ఇంకో చిక్కు తెచ్చింది. ల్యాంపు కారు ముందు బంపరుకి యాభై సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనకున్న గోడకి డెబ్బై సెంటీమీటర్లు. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందని చిన్నప్పుడు బట్టీపట్టిన సూత్రం ఇక్కడ పళ్ళికిలించింది: గోడ దగ్గరికి వచ్చేసరికి వెలుగు సగమే. మధ్యాహ్నపు వీధిలో కారుకీ, దాని వెనక గోడకీ ఎండలో అంత తేడా ఎక్కడైనా చూశామా? ఇంటి ముందున్న స్తంభానికీ, వీధి చివరి స్తంభానికీ నీడలు ఒకే దిక్కున సమాంతరంగా పడతాయి. ల్యాంపు కింద మాత్రం ఒక్కో నీడ ఒక్కో దిక్కుకి విచ్చుకుంటుంది, విసనకర్ర పుల్లల్లా.

చివరికి అన్నీ మోసుకుని మేడ మీదికి వెళ్ళాను, ఎండలోకి. ఎండకి స్కేలు లేదు. సూర్యుడు అసలు కారుకి ఎంత దూరమో ఈ బుల్లి కారుకీ అంతే దూరం. మన కంటికి ఆయన అర డిగ్రీ వెడల్పు, నీడ అంచు మెత్తదనం ఆ అర డిగ్రీ నుంచే వస్తుంది. కాబట్టి వస్తువు అరవై నాలుగో వంతైతే నీడ అంచు మెత్తదనం కూడా దానంతటదే అరవై నాలుగో వంతవుతుంది. నేను ఏమీ చేయక్కర్లేకుండా అచ్చంగా కుదిరే పని ఈ మొత్తం వ్యవహారంలో ఇదొక్కటే.

ఆ తర్వాత కన్ను ఎత్తు. మనిషి నిలబడి కారుని చూస్తే కన్ను నేల నుంచి సుమారు నూట అరవై సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. దాన్ని 64తో భాగిస్తే రెండున్నర సెంటీమీటర్లు. నా మొదటి ఫొటోలో లెన్సు జానెడు ఎత్తులో ఉంది. అంటే ఆ కారుని నేను నాలుగైదు అంతస్తుల మేడ మీంచి వంగి చూసినట్టు. బొమ్మల్ని మనం ఎప్పుడూ చూసేది పైనుంచేగా, కంటికి ఆ కోణమే "బొమ్మ" అని చాడీ చెప్పేస్తుంది. తీరా కిందికి దించుదామంటే లెన్సు సగం మందమే మూడు నాలుగు సెంటీమీటర్లు. అందుకని రోడ్డునే పైకి లేపాను: బల్ల అంచున నాలుగు లావుపాటి పుస్తకాలు, వాటి మీద రోడ్డు, బల్ల బయట స్టాండు మీద కెమెరా. ఫోనుతో తీసేవాళ్ళకి ఇంత గొడవ లేదు. ఫోనుని తలకిందులుగా పట్టుకుంటే చాలు, పైనుండే లెన్సు నేలకి ఒక సెంటీమీటరు ఎత్తుకి వచ్చేస్తుంది. అది పెద్ద కుక్క కన్నెత్తు, అసలు లెక్కలో అరవై నాలుగు సెంటీమీటర్లు. కొన్ని ఫొటోలకి అదే బాగుంటుంది.

కాకపోతే ఫోనుని మరీ దగ్గరికి తోయకూడదు. మూడు సెంటీమీటర్ల దూరం నుంచి తీయడమంటే అసలు కారుకి రెండు మీటర్ల ఎదుట మొహం పెట్టి తీయడం. బంపరు ఉబ్బిపోతుంది, వెనక చక్రాలు ఎక్కడికో వెళ్ళిపోతాయి. పది సెంటీమీటర్ల దూరానికి వెనక్కి జరిగితే, అంటే అసలు లెక్కలో ఆరున్నర మీటర్లు, కారు కారులా కుదురుకుంటుంది.

ఇక ఫోకసు. ఇది నా వృత్తిలో రోజూ ఉన్న తలనొప్పే. నా కెమెరాలో ఫ్రేము పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టేలా పెట్టుకుని ఎఫ్/11 దగ్గర (ఇది లెన్సులో కాంతి దూరే కంత కొలత, అంకె పెరిగితే కంత సన్నబడుతుంది) తీస్తే, స్పష్టంగా ఉండే లోతు దాదాపు పదమూడు మిల్లీమీటర్లు. అసలు కారు లెక్కలో ఎనభై మూడు సెంటీమీటర్లు. వీధిలో నిలబడి తీసిన ఏ ఫొటోలోనైనా హెడ్‌లైటు స్పష్టంగా ఉండి స్టీరింగు మసకబారుతుందా? నిజం ఊళ్ళనే పైనుంచి తీసి అటూ ఇటూ మసక చేస్తే బొమ్మల ఊళ్ళలా కనబడే ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ మాయే ఇక్కడ తిరగబడి మన నెత్తిన కూర్చుంటుంది. ఎఫ్/22కి వెళ్తే లోతు రెట్టింపవుతుంది గానీ, కాంతి అంత సన్నటి కంతలోంచి దూరేసరికి చిత్రమంతా పలచటి ముసుగేసినట్టు మెత్తబడుతుంది. అందుకని ఎఫ్/8 దగ్గర, ఫోకసుని ముందు బంపరు నుంచి వెనక గోడదాకా వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ పాతిక ముప్ఫై ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒక్కటిగా పేరుస్తాను. మధ్యలో గాలికి ఒక్క గడ్డిపరక కదిలినా ఆ పరకకి మూడు దయ్యాలు పుడతాయి. విచిత్రమేమిటంటే, సెన్సరు మరీ బుల్లిగా ఉన్న నా పాత ఫోను ఈ విషయంలో కొత్త ఫోను కంటే నయం. సెన్సరు చిన్నదైన కొద్దీ, అదే ఫ్రేముకి లోతు ఎక్కువ వస్తుంది. డ్రాయర్లో పడేసిన ఫోనుకి ఉద్యోగం దొరికింది.

ఇంతవరకూ కెమెరా గొడవ. నాకు అసలు సరదా రోడ్డులో ఉంది.

పళ్ళ డాక్టరుకి అచ్చు తీయడం వెన్నతో పెట్టిన విద్య. కాబట్టి నాకు తట్టిన గొప్ప ఆలోచన: నిజం తారు రోడ్డుకే అచ్చు తీసేద్దాం! పొద్దున్నే ఎవరూ లేవకముందు గేటు బయటికి వెళ్ళి, రెండు పుట్టీలు కలిపి సిలికోన్ ముద్ద చేసి, రోడ్డు మీద చేతితో నొక్కి పట్టుకుని కూర్చున్నాను. నాలుగు నిమిషాలు. పాలు పోసే అబ్బాయి సైకిలు ఆపి, "ఏం పడిపోయిందమ్మా, పన్నా?" అన్నాడు. అచ్చు మాత్రం అద్భుతంగా వచ్చింది. అందులో డెంటల్ స్టోన్, అంటే నీళ్ళు కలిపితే రాయిలా గట్టిపడే, పళ్ళ అచ్చుల్లో పోసే పొడి, కలిపి పోసి ఆరబెట్టి, బీటిల్‌ని దాని మీద నిలబెట్టి చూసేసరికి నవ్వాగలేదు. తారులో ఉండే సెంటీమీటరు కంకర రాయి 1:64 కారు పక్కన అరవై నాలుగు సెంటీమీటర్ల బండరాయి. నేను రోడ్డుకి అచ్చు తీశాను గానీ, దాన్ని చిన్నది చేయడం మరిచిపోయాను.

అప్పుడు లెక్క వేశాను. పది మిల్లీమీటర్ల కంకరని 64తో భాగిస్తే 0.156 మిల్లీమీటరు. సరిగ్గా ఆ పరిమాణంలో గరుకు ఎక్కడ దొరుకుతుంది? ఉప్పుకాగితం మీద! పి100 నంబరు కాగితం రవ్వ సగటున 162 మైక్రాన్లు, అంటే 0.162 మిల్లీమీటరు. ఎవరో నా కోసమే తయారు చేసినట్టుంది. ఆ కాగితానికి సిలికోన్ అచ్చు తీసి, అందులో స్టోన్ పోశాను. డెంటల్ స్టోన్ యాభై మైక్రాన్ల గీతని కూడా వదలకుండా పట్టాలన్నది ప్రమాణం, కాబట్టి ఈ రవ్వ దానికో లెక్క కాదు. నేరుగా ఉప్పుకాగితమే అతికించొచ్చు కదా అంటారేమో. అతికించొచ్చు, చాలామంది అదే చేస్తారు. కానీ కాగితం మీద పగుళ్ళు గీయలేం. గట్టిపడిన స్టోన్ మీదైతే ప్రోబుతో, అదే, పంటి పిప్పిని వెతికే కొక్కెం ముల్లుతో, ఎంత సన్నటి పగులైనా గీయొచ్చు. చేయి కాస్త బరువు పడితే పగులు కాస్తా గొయ్యి. అలా పడినవాటిలో ఒక గొయ్యి బాగా కుదిరింది, ఉంచేశాను.

రంగు దగ్గర ఇంకో తప్పు చేశాను. తారంటే నలుపు అనుకుని నల్ల రంగు వేశాను. నిజానికి నల్లగా ఉండేది నిన్న వేసిన రోడ్డు. పాతబడ్డ రోడ్డు బూడిద రంగు, చక్రాలు నడిచే రెండు చాళ్ళు ఒక రకం, వాటి మధ్య ఇంజను ఆయిలు కారిన పట్టీ ఇంకో రకం. దాన్ని గమనించడానికి నాకు వారం పట్టింది, అదీ రోజూ వెళ్ళే దారిలోనే.

దుమ్ము ముచ్చట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్పేస్తాను. చేతికి అందింది కదా అని స్టోన్ పొడినే టీ వడగట్టుతో చక్రాల చుట్టూ జల్లాను. మట్టి రోడ్డు దుమ్ములా భలే కుదిరింది. తెల్లవారుజాము తడిలా ఉంటుందని పైన కాస్త నీళ్ళు స్ప్రే చేశాను. స్టోన్ పొడి మీద నీళ్ళు పడితే ఏమవుతుందో రోజుకి నాలుగుసార్లు చూసే మనిషిని! మరుసటి రోజు ఎస్‌యూవీ నాలుగు చక్రాలూ సిమెంటులో పాతినట్టు బిగుసుకుపోయాయి. అల్ట్రాసోనిక్ స్కేలరుతో గార తీసినట్టు తీసి విడిపించాను. ఇంకో కారు సైడు అద్దం ఊడితే సూపర్ గ్లూతో అంటించి మూత పెట్టేశాను. పొద్దున చూస్తే ఆ ఆవిరికి కిటికీ అద్దాలన్నీ తెల్లగా మంచుపట్టి ఉన్నాయి. శీతాకాలం ఫొటోలకి ఇప్పుడా కారునే వాడుతున్నాను.

అన్నిటికంటే ఎక్కువ సతాయించింది నీళ్ళు. వాన వెలిసిన రోడ్డు కావాలి నాకు, గోతిలో నీళ్ళు నిలిచి, అందులో కారు నీడ కనబడాలి. డ్రాపరుతో గోతిలో నాలుగు చుక్కలు వేశాను. నీళ్ళు గోతిలో పరుచుకోలేదు. ఉబ్బెత్తుగా, గాజుగోళీలా లేచి నిలబడ్డాయి. మూడు మిల్లీమీటర్ల ఎత్తు, అంటే మన లెక్కలో పంతొమ్మిది సెంటీమీటర్ల నీటి గుట్ట. ఏ వీధిలోనైనా నీళ్ళు గుట్టగా నిలుస్తాయా? కారుని చిన్నది చేశారు, చక్రాన్ని చిన్నది చేశారు, తలుపు పిడిని కూడా చేశారు. నీళ్ళని ఎవరూ చేయలేరు. వాటి ఉపరితలం ఎంత బిగుతుగా ఉండాలో అంతే ఉంటుంది, పక్కనున్న కారు ఏ స్కేలైనా. సబ్బు చుక్క కలిపితే పరుచుకున్నాయి గానీ బుడగలొచ్చాయి. మిల్లీమీటరు బుడగంటే గోతిలో క్రికెట్ బంతి.

చివరికి మందు నా డ్రాయర్లోనే ఉంది. పళ్ళకి ఫిల్లింగు వేసే ముందు పూసే బాండింగ్ ద్రవం, గడువు దాటిన సీసా. గ్లవ్స్ వేసుకుని, ఆ గోతిలో పలచగా పూసి, నీలం దీపం ఇరవై సెకన్లు వేస్తే గట్టిపడుతుంది. ఇది నీళ్ళలా గుట్టకట్టదు, గరుకు నేలకి అంటుకుని అంచులకి పాకుతుంది. అచ్చం తడి రోడ్డు అంచు ఎలా నల్లబడుతుందో అలా. ఒకటే ఇబ్బంది, గాలి తగిలిన పైపొర గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. పంటి మీదైతే పైన గ్లిజరిన్ పూసి గాలి తగలకుండా మళ్ళీ దీపం వేస్తాం. ఇక్కడా అదే చేసి, తర్వాత కడిగేశాను. నాలుగు పొరలు. లెన్సుని నేలమట్టానికి దించి చూస్తే గోతిలో బీటిల్ గుండ్రటి నుదురు తలకిందులుగా మెరుస్తోంది. నేను గట్టిగా అరిస్తే బయట కూర్చున్న పేషెంటు భయపడి లేచి నిలబడ్డాడట.

డబ్బాలో ఒక డబుల్ డెక్కర్ బస్సు కూడా ఉంది, బీటిల్ పక్కన పెడదామని ఎంత ముచ్చటపడ్డానో. పెడితే రెండూ ఒకే పొడవు! ఈ బొమ్మలు స్కేలుకి కాదు, పెట్టెకి తగ్గట్టు చేస్తారు. 1953లో ఇంగ్లండులో మ్యాచ్‌బాక్స్ కార్లు మొదలైనప్పుడు కొలబద్ద అగ్గిపెట్టే. లారీ అయినా కారైనా అందులో ఇమడాల్సిందే. కాబట్టి బస్సుని ఇప్పుడు వీధి చివర, దూరంగా ఉన్నట్టు పెడతాను. దూరం అన్ని పాపాల్నీ కడిగేస్తుంది.

దూరం విషయంలో నాకు గురువు మైకేల్ పాల్ స్మిత్ అనే అమెరికన్. 2018లో పోయాడు. ఎల్గిన్ పార్క్ అని లేని ఊరొకటి 1:24 స్కేలులో కట్టి, ఆ కార్లనీ ఇళ్ళనీ ఆరుబయట బల్ల మీద పెట్టి, వెనకున్న నిజం చెట్లూ నిజం ఇళ్ళూ వాటితో కలిసేలా చూసి, మామూలు చిన్న డిజిటల్ కెమెరాతో తీసేవాడు. కిటుకంతా దిగంతంలో ఉంది. నిజం నేలా నింగీ కలిసే గీత ఎప్పుడూ లెన్సు ఎత్తుకే వస్తుంది. బల్ల అంచు ఆ గీతకి ఒక్క వేలు కిందుగా, వెనక ఖాళీ జాగాని దాచేసేలా ఉంటే, బల్ల మీది రోడ్డు నేరుగా అవతలి చెట్ల కిందికి వెళ్ళిపోతుంది. నేను కూడా మేడ మీద పిట్టగోడ వెంట బల్ల వేసి అదే ప్రయత్నించాను. పదకొండోసారికి కుదిరింది. సరిగ్గా మీట నొక్కే సమయానికి ఒక చీమ రోడ్డు దాటుతూ ఫ్రేములోకొచ్చింది. ఐదు మిల్లీమీటర్ల చీమ. బీటిల్ ముందు బంపరు దగ్గర, ముప్ఫై రెండు సెంటీమీటర్ల జంతువు, ఆరు కాళ్ళతో. ఆ ఫొటోని తీసేయడానికి మనసొప్పలేదు.

వాన ఫొటో పిల్లవాడికి పంపాను. ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. "అమ్మా, నా బీటిల్ టైర్లు అరగదీశావా?" అన్నాడు. అరగదీశాను మరి. అసలు కారు బరువుకి టైరు కింద కొంచెం అణిగి ఉంటుంది, బొమ్మ చక్రమేమో పూసలా ఒక్క బిందువు మీద నిలబడుతుంది. ఉప్పుకాగితం మీద రెండు రుద్దులు రుద్దితే కారుకి బరువొస్తుంది. "ఇంక దొర్లదు కదా" అన్నాడు. ఇరవై ఏళ్ళ వాడికి దాన్ని దొర్లించే పని ఏముందో నాకు తెలియదు గానీ, సారీ చెప్పాను. పెచ్చులూడిన రంగు జోలికి మాత్రం వెళ్ళలేదని, అవన్నీ వాడు నేలకేసి కొట్టినప్పుడు ఊడినవేనని, ఫొటోలో అవే పాత కారు తుప్పులా కనబడుతున్నాయని చెప్పాను. పంటి గాట్ల వైపు ఎప్పుడూ కెమెరాకి అవతలే ఉంచుతాను. ఆ సంగతి చెప్పలేదు.

ప్రస్తుతం కరెంటు స్తంభాల మీద ఉన్నాను. రెండు స్తంభాలు నిలబడ్డాయి, తీగలే కుదరడం లేదు. కుట్టుదారం వేస్తే మాక్రోలో నూగు నూగుగా, గొంగళిపురుగులా కనబడుతోంది. తల వెంట్రుక అయితే లెక్క సరిపోతుంది. 0.07 మిల్లీమీటరు మందం, 64తో హెచ్చిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు, ఇళ్ళకి వెళ్ళే సన్నటి తీగ. నునుపుగా ఉంటుంది, తన బరువుకి తానే కాస్త వేలాడుతుంది కూడా. నిన్న రాత్రి దువ్వెనలోంచి ఏరుకుంటూ కూర్చున్నాను. నల్లవి నాలుగు కావాలి. ఇప్పటికి రెండు దొరికాయి.